ఈస్ట్ ఫ్లాస్కు చుట్టూ ఈగలు

ప్రశ్న: సార్, నమస్తే. మేం ఆస్టిన్‌లో ఉంటాం. ఇంట్లో బీరు చేసుకోవడం ఈమధ్యే మొదలుపెట్టాను. లిక్విడ్ ఈస్ట్ కొని, ఒకటి రెండు రోజుల ముందు స్టార్టర్ పెట్టి (అంటే ఫ్లాస్కులో కొంచెం మాల్ట్ నీళ్ళు పోసి అందులో ఈస్ట్‌ని పెంచి), అది పొంగాక బీరులో కలుపుతున్నాను. ఎండలు ముదిరేసరికి అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలన్నీ వచ్చి నా ఫ్లాస్కు దగ్గర చేరాయి. మొన్న పైన కప్పిన గుడ్డ తీసి చూస్తే లోపల ఒకటి తేలుతోంది. మూతి గట్టిగా బిగిద్దామంటే ఈస్ట్‌కి గాలి కావాలంటారు. గాలి ఆడాలి, ఈగ దూరకూడదు, ఎలా? ఈగ పడిన స్టార్టర్ వాడొచ్చా?
- పేరు వద్దన్న పాఠకుడు, ఆస్టిన్, టెక్సస్

జవాబు: ముందు చివరి ప్రశ్న సంగతి చూద్దాం. వాడొద్దు, పారబోయండి. లీటరు స్టార్టర్‌కి పట్టేది 100 గ్రాముల మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడి (మొలకెత్తిన బార్లీ నుంచి తీసింది), దాని కోసం 5 గాలన్ల బీరుని పణంగా పెట్టడం దండగ. లిక్విడ్ ఈస్ట్ పాకెట్ ఖరీదు తలుచుకుంటే చెయ్యి రాదు, నిజమే. అందుకే ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఒక 11 గ్రాముల డ్రై ఈస్ట్ పాకెట్ ఉంచుకోండి. దానికి స్టార్టర్ అక్కర్లేదు, ఆ రోజు పని ఆగదు. నన్నడిగితే ఎండాకాలమంతా డ్రై ఈస్ట్‌తోనే కానిచ్చేస్తే సగం టెన్షన్ ఉండదు, కానీ మీరు అడిగింది అది కాదు కదా.

నిజానికి మనకి భయం ఈగతో కాదు, అది మోసుకొచ్చే అసిటోబాక్టర్ లాంటి బాక్టీరియాతో. ఆల్కహాల్‌ని వెనిగర్‌గా మార్చడం వాటి పని, ఆ పనికి వాటికి ఆక్సిజన్ కావాలి. మూత పెట్టి ఎయిర్‌లాక్ (గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని నీళ్ళ గొట్టం) బిగించిన ఫెర్మెంటర్‌లో, అంటే బీరు పులిసే పాత్రలో, ఒక ఈగ పడినా చాలాసార్లు ఏమీ కాదు, ఎందుకంటే అక్కడ గాలి లేదు. మీ స్టార్టర్ సంగతి వేరు. అయస్కాంతంతో ద్రవాన్ని కలిపే స్టిర్ ప్లేట్ మీద రోజంతా గిరగిరా తిప్పుతూ మనమే దానికి గాలి పట్టిస్తున్నాం, ఈస్ట్ కోసం చేసే ఆ ఏర్పాటే ఈ బాక్టీరియాకీ కలిసొస్తుంది. బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు కొంచెం వేస్తే ఆగదా అంటారు కొందరు. హాప్స్ చేదు లాక్టోబాసిల్లస్ లాంటి పులుపు బాక్టీరియాని అడ్డుకుంటుంది గానీ అసిటోబాక్టర్ దాన్ని ఖాతరు చేయదు.

ఇక గాలి విషయం. 1860 ప్రాంతంలో పాశ్చర్ హంసమెడ ఫ్లాస్కులతో చేసిన ప్రయోగం స్కూల్లో చదివే ఉంటారు. మూతి తెరిచే ఉంది, గాలి ఆడుతూనే ఉంది, అయినా మెడ వంపులో దుమ్ము ఆగిపోవడంతో లోపలి ద్రవం చెడలేదు. అంటే గాలిని ఆపనక్కర్లేదు, దాని దారి నిట్టనిలువుగా పైకి తెరుచుకుని ఉండకపోతే చాలు. ఆ వంపు పని మీకు అల్యూమినియం ఫాయిల్ చేసిపెడుతుంది. ఒక ముక్క రెండు మడతలు వేసి, రెండు వైపులా శానిటైజర్ కొట్టి, మూతి మీద బోర్లించి, అంచులు మెడ మీదకి రెండంగుళాలు దిగేలా చేత్తో చుట్టూ అదమండి. పైపైన వదులుగా పెడితే 3 మిల్లీమీటర్ల ఈగ కింద అంచు నుంచి నడుచుకుంటూ ఎక్కేస్తుంది, అందుకే అదమమంటున్నాను. చేత్తో ఎంత అదిమినా ఫాయిల్ ముడతల్లోంచి గ్యాస్ బయటికి పోతుంది, గాలి లోపలికి వస్తుంది, మీరేం కంగారు పడొద్దు. ల్యాబుల్లో వాడే ఫోమ్ బిరడా దొరికితే అదీ మంచిదే, కాకపోతే నురగ తగిలి తడిసిందంటే వెంటనే మార్చాలి. వడగట్టే పలచటి గుడ్డ మాత్రం వద్దు, దాని నేతలోంచి ఈ ఈగలు దూరతాయి, బహుశా మీ ఫ్లాస్కులోకి వచ్చింది కూడా అలాగే. స్టార్టర్‌కి ఎయిర్‌లాక్ పెడితే ఈగ రాదు, గాలీ రాదు, ఇంక స్టిర్ ప్లేట్ తిప్పి లాభమేంటి? మర మూత బిగించడం అన్నిటికంటే ప్రమాదం, గ్యాస్ పట్టి గాజు పగులుతుంది.

చాలామంది ఈగల గురించి రాత్రంతా ఆలోచిస్తారు గానీ అసలు దెబ్బ తగిలేది చల్లార్చేటప్పుడు. మాల్ట్ నీళ్ళు 10, 15 నిమిషాలు మరిగించి, స్టవ్ మీంచి దించి, ఫ్లాస్కుని తీసుకెళ్ళి ఎక్కడ పెడతాం? సింక్‌లో ఐసు నీళ్ళలో. వంటింట్లో ఈ ఈగలు గుడ్లు పెట్టే చోట్లలో సింక్ గొట్టం లోపలి జిగురు ఒకటి! పైగా వేడి గాలి చల్లారి కుదించుకుపోతుంటే ఫ్లాస్కు బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. కాబట్టి స్టవ్ మీద మరుగుతుండగానే, ఆఖరి రెండు మూడు నిమిషాల్లో, ఫాయిల్ కప్పేయండి. ఆవిరికి ఫాయిల్ లోపలి వైపు కూడా శుభ్రమవుతుంది. పూర్తిగా బిగించొద్దు, పొంగు పైకొస్తుంది, ఓ కన్నేసి ఉంచాలి. ఐసు నీళ్ళు సింక్‌లో కాకుండా వేరే గిన్నెలో పెట్టుకుంటే ఇంకా నయం. చల్లారాక ఫాయిల్ ఒక మూల లేపి ఈస్ట్ పోసి వెంటనే మూసేయాలి, అంతకు మించి మూత తెరిచే అవసరం లేదు. వాసన ఎలా ఉందో చూద్దామని గంటకోసారి తీసేవాళ్ళున్నారు, వాళ్ళకి ఏ ఫాయిలూ సాయం చేయలేదు.

ఫ్లాస్కులో ఖాళీ వదలడం కూడా ఇందులో భాగమే. లీటరు స్టార్టర్‌కి రెండు లీటర్ల ఫ్లాస్కు వాడండి. నురగ పొంగి ఫాయిల్ కిందనుంచి మెడ మీదకి కారిందంటే ఆ తీపికి ఈగలు బారులు తీరతాయి. కారితే వేడి నీళ్ళ గుడ్డతో తుడిచి, శానిటైజర్ కొట్టి, ఫాయిల్ కొత్తది వేయండి.

ఈగలు మీ ఇంటికే ఎందుకు వస్తున్నాయంటే ఈస్ట్ పిలుస్తోంది కాబట్టి. మాటవరసకి అనడం లేదు. పండ్ల వాసన వచ్చే ఎస్టర్లని తయారుచేసే జన్యువు ఈస్ట్‌లో ఒకటుంది, దాన్ని తీసేస్తే ఈగలకి ఆ ఈస్ట్ మీద మోజు బాగా తగ్గిపోయిందని బెల్జియంలోని శాస్త్రవేత్తలు 2014లో చూపించారు. ఈస్ట్‌కి కాళ్ళు లేవు, ఇంకో పండు మీదకి చేరాలంటే ఎవరో ఒకరు మోయాలి. కాబట్టి స్టార్టర్ బాగా పనిచేస్తున్నంత సేపూ ఈగలు వస్తూనే ఉంటాయి, ఎర వేసి అన్నిటినీ చంపేద్దామనుకోకండి. అయినా ఒక చిన్న గిన్నెలో ఆపిల్ సైడర్ వెనిగర్ పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఒక చుక్క వేసి, ఫ్లాస్కుకి దూరంగా, గది అవతలి మూల పెట్టండి. సబ్బు లేకపోతే ఈగ వెనిగర్ మీద వాలి, తాగి, హాయిగా ఎగిరిపోతుంది. ఫ్లాస్కు పక్కనే పెడితే మీరే వాటికి దారి చూపించినట్టు. మిగలపండిన అరటిపండ్లు, తడి చెత్తబుట్ట, తాగేసి కడగని బీరు సీసాలు ముందు బయట పడేయండి. వెచ్చటి గదిలో గుడ్డు నుంచి ఈగ కావడానికి సుమారు 10 రోజులే పడుతుంది, ఈ వారం వదిలేసిన చెత్త వచ్చే వారం మీ స్టార్టర్ మీద ఎగురుతుంది.

బీరులో కలిపే ముందు ఒక పరీక్ష. ఫ్లాస్కుని రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే ఈస్ట్ అడుగున పేరుకుంటుంది. పైనున్న ద్రవాన్ని ఎలాగూ వంచేస్తాం, వంచేటప్పుడు ఒక చెంచా రుచి చూడండి. చప్పగా, పాతబడ్డ బీరులా, కొంచెం పచ్చి ఆపిల్ వాసనతో ఉంటే పరవాలేదు. వెనిగర్ పులుపు గానీ, గోళ్ళ రంగు తుడిచే ద్రవం వాసన గానీ, పైన తొక్కలాంటి పొర గానీ కనిపిస్తే సింక్‌లోకే.

ప్రశ్న: ఎయిర్‌లాక్ నీళ్ళలో రోజూ రెండు మూడు ఈగలు చచ్చి తేలుతున్నాయి. బీరు పోయినట్టేనా?
- ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: లేదండీ. అవి బయటే చచ్చాయి, ఎయిర్‌లాక్ చేయాల్సిన పని చేసింది. ఆ నీళ్ళు తీసేసి వోడ్కా గానీ శానిటైజర్ గానీ పోయండి. ఒక్క జాగ్రత్త: చివర్లో ఫెర్మెంటర్‌ని చల్లబరిచేటప్పుడు అది గాలిని వెనక్కి పీలుస్తుంది, మూడు ముక్కల ఎయిర్‌లాక్ అయితే ఈగలతో సహా ఆ ద్రవం బీరులోకి దిగిపోవచ్చు. ఆ ముందు రోజే మార్చేయండి, లేదా ఎస్ ఆకారంలో వంపు తిరిగిన ఎయిర్‌లాక్ పెట్టండి, మరీ నిండా పోయకపోతే అది లోపలికి కక్కదు.

ప్రశ్న: అన్నా, మాది నల్గొండ వైపు. మా ఊళ్ళో కల్లు లొట్టిలో ఈగలు, తేనెటీగలు, చీమలు అన్నీ పడతాయి, వడగట్టుకుని తాగుతాం. ఎవరికీ ఏమీ కాలేదు. మీరు ఒక్క ఈగకి ఇంత గోల చేస్తారేంది?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, కల్లుకి ఈస్ట్ ఎవరు వేశారు? ఎవరూ వేయలేదు. చెట్టు మీద, లొట్టిలో నిన్నటి కల్లు తడిలో, ఈ పురుగుల మీద ఉన్న ఈస్టే దాన్ని పులియబెడుతుంది. అక్కడ పురుగు పనివాడు. కందిరీగల పొట్టలో ఈస్ట్ చలికాలమంతా బతికి ఉండి మళ్ళీ వసంతానికి బయటికి వస్తుందని ఇటలీలో 2012లో తేల్చారు, కాబట్టి నీ కల్లుని నేను చిన్నచూపు చూడడం లేదు. తేడా ఎక్కడంటే పొద్దున దింపిన కల్లు ఆ పూటే తాగేస్తారు, సాయంత్రానికి పులుస్తుంది, ఇంకా ఉంచితే వెనిగర్ దారి పడుతుంది. బీరు నెలల తరబడి సీసాలో కూర్చోవాలి. ఆ పులుపు మొదట్లో చుక్కంత ఉన్నా చివరికి సీసా అంతా అదే. నీరా కోసం లొట్టి లోపల సున్నం పూస్తారు చూడు, పులవకుండా ఆపాలంటే గీసేవాళ్ళు పడే శ్రద్ధ అది.

ప్రశ్న: నమస్తే అండీ. నాది రొట్టె పిండిని పులియబెట్టే సోర్‌డో స్టార్టర్, మైదా, గోధుమపిండి కలిపి చేసింది. సీసా మూత వదులుగా పెడితే చీమలు, గుడ్డ కడితే ఈగలు. మావారు ఇంకో అడుగు ముందుకేసి, పనిలో పనిగా బీరు కూడా ఇంట్లోనే చేద్దామంటున్నారు. చేయొచ్చా?
- ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: పాత కాటన్ లుంగీ గుడ్డ దట్టంగా ఉంటుంది, రెండు పొరలు వేసి రబ్బరు బ్యాండు బిగించండి. సీసాని నీళ్ళు పోసిన పళ్ళెంలో పెడితే చీమలు రావు, మన అమ్మమ్మలు నెయ్యి గిన్నెకి చేసిందే. నీళ్ళు రోజూ మార్చండి, లేకపోతే దోమలకి ఇల్లు కట్టిచ్చినట్టవుతుంది. సీసా అంచుకి అంటుకున్న పిండి ఎండిపోకముందే తుడవాలి, ఈగలు గుడ్లు పెట్టేది అక్కడే. పురుగు కదులుతూ కనిపిస్తే మొత్తం పడేసి కొత్తది మొదలుపెట్టండి, లేదా ముందే కొంచెం స్టార్టర్ ఫ్రిజ్‌లో దాచి ఉంటే దాంతో కొనసాగించండి. రోజూ రొట్టె చేయనివాళ్ళు స్టార్టర్‌ని ఫ్రిజ్‌లోనే ఉంచి వారానికోసారి పిండి వేస్తే సరిపోతుంది, ఈగల గొడవే ఉండదు.

బీరు విషయం మీవారికి గట్టిగానే చెప్పండి. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది, పెద్దవాళ్ళు ఇద్దరుంటే ఇంటికి ఏడాదికి 200 గాలన్ల వరకు పన్ను లేకుండా చేసుకోవచ్చు. ఇక్కడ అలాంటి వెసులుబాటు లేదు. 1968 నాటి తెలంగాణ ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం, సొంతానికి అన్నా సరే. ఆయన సరదా తీరాలంటే ఆ సోర్‌డో సీసా బాధ్యత ఆయనకి అప్పగించండి.