ఆయా జీతం క్లెయిమ్ ఎందుకు రాలేదంటే

పక్షవాతం వచ్చాక బొబ్బిలిలో ఇంటి దగ్గర మీ అమ్మగారిని చూసుకునే ఆయా జీతాన్ని హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ ఎందుకు రిజెక్ట్ చేసిందని అడిగారు కదా. కారణం దాదాపు ఖచ్చితంగా ఎక్స్‌క్లూజన్ 05, అంటే ఏ ఖర్చులు ఇవ్వరో చెప్పే పాలసీ షరతుల్లో ఒకటి. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, నడిపించడం లాంటి సాయం ఖర్చంతా అందులోకే వస్తుంది. టెన్షన్ పడకండి, మిగతా వైద్య ఖర్చులు రాబట్టుకోవచ్చు.

1. డిశ్చార్జ్ తర్వాత ఖర్చులు ఎన్ని రోజుల వరకు ఇస్తారో పాలసీలో చూడండి. ఆరోగ్య సంజీవని (కంపెనీలన్నీ ఒకే షరతులతో అమ్మే స్టాండర్డ్ పాలసీ) అయితే 60 రోజులు.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆ రోజుల్లో కావలసిన మందులు, టెస్టులు, ఫిజియోథెరపీ డిశ్చార్జ్ సమ్మరీలో విడివిడిగా రాయించాలి. రాయలేదా? ఇప్పుడైనా డాక్టరు గారి దగ్గర లెటర్ తీసుకోండి. ఆ బిల్లులను ఆయా బిల్లుతో అస్సలు కలపకండి.

3. అమ్మగారికి 70 నిండితే ఆయుష్మాన్ వయ వందన కార్డు (పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఉచిత వైద్యం కార్డు) తీయించండి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు, కానీ హాస్పిటల్ వైద్యానికే. ఆయా జీతం అందులోనూ రాదు.