ఉప్పునీటి అక్వేరియం పెడతానంటున్న సింధుకి

చి. సింధుకి,

బాబాయ్ ఆశీస్సులు. నీ మెసేజ్ చదివాను. ముందు రెండడుగుల ట్యాంకు పెట్టి, చెయ్యి తిరిగాక పెద్దది కొంటానన్నావు. గప్పీలకో గోల్డ్‌ఫిష్‌కో అయితే సరేననేవాణ్ణి. ఉప్పునీళ్లకి ఈ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ చిన్న ట్యాంకే కష్టం. పగడాల దిబ్బల దగ్గర నీటి ఉప్పదనం, వేడి ఏడాది పొడుగునా పెద్దగా మారవు. అక్కడి ప్రాణులకి మార్పు తట్టుకునే అలవాటే లేదు. నలభై యాభై లీటర్ల నీళ్లలో ఓ చేప రాత్రి చచ్చి రాయి వెనక పడితే, పొద్దున్నకి మిగతావాటికీ ముప్పే. అదే పెద్ద ట్యాంకులో అయితే నువ్వు కనిపెట్టి సరిచేసుకునేందుకు కాస్త టైముంటుంది.

అందుకని నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు పెట్టించు. నిండా పోస్తే 250 లీటర్ల పైనే పడతాయి. అద్దం, రాళ్లు, స్టాండు కలుపుకుంటే 350 కిలోలు దాటుతుంది. హాలు మధ్యలో వద్దు, గోడ వారగా, కింద బీమ్ ఉన్నచోట ఉండాలి. ఎండ పడే కిటికీ పక్కన అసలొద్దు, నాచు పట్టి చంపుతుంది.

వైజాగ్ నుంచి సముద్రపు నీళ్లు క్యాన్లలో పంపమన్నావు. పంపను. ఒడ్డు దగ్గర డ్రెయిన్లు కలుస్తాయి, హార్బరు ఉంది. అది పక్కన పెట్టినా, మన బంగాళాఖాతం నీళ్లు ఏడాదంతా ఒకేలా ఉండవు. వానలయ్యాక గంగ నుంచి గోదావరి దాకా నదులు తెచ్చి పోసిన మంచినీళ్లు తీరం వెంబడి పరుచుకుంటాయి. అక్టోబరులో ఇక్కడ ఉప్పదనం లీటరుకి 30 గ్రాముల కిందికి కూడా దిగుతుంది. నీ చేపలకి కావలసింది 35. అక్వేరియాల కోసం అమ్మే మెరైన్ సాల్ట్ కొని నువ్వే కలుపుకో. లీటరుకి రమారమి 36 గ్రాములు పడుతుంది, అంటే మొదటిసారికే 9 కిలోలు. వంటింట్లో కల్లుప్పు ఉందిగా అని మీ అమ్మ అంటుంది, ఒప్పుకోకు. సముద్రంలో ఉన్న పాళ్లలో కాల్షియం, మెగ్నీషియం అందులో ఉండవు.

ఆ ఉప్పు కలపడానికి మీ బోరు నీళ్లూ పనికిరావు, వంటింటి ప్యూరిఫయరు నీళ్లూ అంతే, టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) పెట్టి చూస్తే నీకే తెలుస్తుంది. ఆర్ఓ తర్వాత, మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ ఫిల్టరు ఉన్న యూనిట్ తీసుకో, మీటరు సున్నా చూపించాలి. డ్రమ్ములో ఉప్పు కలిపి, చిన్న పంపు వేసి ఒక రోజంతా తిప్పాకే ఆ నీళ్లు వాడు. ఉప్పదనం కొలవడానికి రీఫ్రాక్టోమీటరు కొను. సూది ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ని నమ్మి ఉప్పు ఎక్కువ వేసినవాళ్లు చాలామందే ఉన్నారు.

రాళ్ల సంగతి జాగ్రత్తగా విను. కొంతమంది "లైవ్ రాక్ (సముద్రం నుంచి తీసిన, ప్రాణులు పట్టిన రాయి) ఉంది, పగడం ముక్క ఉంది" అని చాటుగా అమ్మజూపుతారు. పగడాల్నీ, సీహార్స్‌లనీ 2001లో వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు, అంటే పులితో సమానం. చేతితో ముట్టుకోకు. తయారుచేసి అమ్మే పొడి రాళ్లు దొరుకుతాయి, అవి చాలు. కొత్తలో బోసిగా, తెల్లగా ఉంటాయి. చేపల మలం నుంచి అమ్మోనియా వస్తుంది, అది వాటికే విషం. దాన్ని తినే బ్యాక్టీరియా సీసా ఒకటి పోసి, మేతగా కొద్దికొద్దిగా అమ్మోనియా వేస్తూ ఉంటే, ఆ రాళ్ల సందుల్లో బ్యాక్టీరియా స్థిరపడుతుంది. అది అమ్మోనియాని నైట్రైటుగా, నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. వేసిన అమ్మోనియా మర్నాటికల్లా పోయి, అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించేదాకా చేప మాట ఎత్తొద్దు. ఈలోపు అద్దాల మీదా ఇసక మీదా గోధుమరంగు పొర పడుతుంది. భయపడకు, దానంతటదే పోతుంది. ఇంటికొచ్చినవాళ్లు చేపలేవీ అని అడుగుతారు. అడగనీ.

అసలు నేను ఇంత పొడుగ్గా రాస్తున్నది హైదరాబాదు ఎండల గురించే. నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మీ ఫ్లాట్ ఎలా ఉంటుందో నీకే తెలుసు. పైగా పంపుల వేడి, లైట్ల వేడి. నీటి మీదికి చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ ఆ చల్లదనం నీళ్లు ఆవిరైపోవడం వల్ల వచ్చేదే. నీళ్లే పోతాయి, ఉప్పు పోదు. తగ్గిన మేరకి ఉప్పు కలపని ఆర్ఓ-డీఐ నీళ్లే పొయ్యి, ఉప్పునీళ్లు కాదు. రోజూ గుర్తుంచుకోవడం నీ వల్ల కాదు కాబట్టి, దానంతటదే నింపే ఆటో టాప్-అప్ పెట్టించుకో. వేసవికి ఫ్యాన్ చాలదు, చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) తప్పదు. దాన్ని స్టాండు కప్‌బోర్డులో మూసి పెట్టకు, వేడిగాలి బయటికి పోవాలి. ఏసీ ఉందిగా అంటావేమో, పగలూ రాత్రీ నడుస్తుందా? చిల్లర్‌కి డబ్బు లేకపోతే ఈ ఏడాది మంచినీటి చేపలే పెంచు, అందులో చిన్నతనమేం లేదు.

ఆ ఎండల్లో కరెంటు కూడా పోతే గోరుచుట్టు మీద రోకటిపోటు. వేడి నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువ. ఇన్వర్టర్‌కి ముందు నీళ్లు తిప్పే పంపు తగిలించు. లైట్లు లేకపోయినా చేపలకి నష్టం లేదు. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి వచ్చేలా ఉండాలి, అప్పుడు కారిన నీళ్లు ప్లగ్గులోకి పోవు.

చేపలు: హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్ జత. వీటిని పుట్టించే పద్ధతి మన సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లే ఇక్కడ రూపొందించారు. ఇవి గుళికల మేత తింటాయి, సముద్రంలో ఇవి దాక్కునే ఎనిమోన్ అనే ప్రాణి లేకుండానే బతుకుతాయి. పుట్టినప్పుడు అన్నీ మగవే, జతలో పెద్దది ఆడదవుతుంది. మీ ఆయనకి ఈ ముక్క చదివి వినిపించు. 'ఫైండింగ్ నీమో' సినిమాలో చూసిన నీలం టాంగ్ చేప వద్దు, అడుగు దాకా పెరుగుతుంది. మాండరిన్ చేప ఎంత అందంగా ఉన్నా కొత్త ట్యాంకులో ఆకలితో చస్తుంది. ఏ చేప కొన్నా నాలుగు వారాలు వేరే టబ్బులో ఉంచి చూడు. తెల్లమచ్చల జబ్బొస్తే రాగి మందు ఆ టబ్బులోనే వెయ్యి. పెద్ద ట్యాంకులో వేస్తే రొయ్యలు, నత్తలు చస్తాయి.

దోమల మందు, బొద్దింకల స్ప్రే ఆ గదిలో కొట్టొద్దు. వాటిలో ఉండే పైరెథ్రాయిడ్ అనే రసాయనం చేపలకీ రొయ్యలకీ విషం. గాలి పంపు పక్కన అగరొత్తులు, సాంబ్రాణి కూడా వద్దు. పెస్ట్ కంట్రోల్ వాళ్లని మీ అపార్ట్‌మెంటు కమిటీ చెప్పాపెట్టకుండా పంపుతుంది కదా, వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచు.

ఇక పనంటావా, వారానికోసారి పదో వంతు నీళ్లు మార్చడం, స్కిమ్మర్ (నీళ్లలోని మురికిని నురగగా బయటికి తీసే పరికరం) గిన్నె కడగడం, అద్దం తుడవడం. మేత తక్కువే వెయ్యి. సంక్రాంతికి ఇక్కడికొచ్చేటప్పుడు మేత డబ్బా పక్కింటివాళ్ల చేతికివ్వకు. రోజుకొకటి చొప్పున చిన్న పొట్లాలు కట్టి ఇచ్చి, డబ్బా దాచేసి రా.

ట్యాంకుకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ గోడ ఫోటో, బీమ్ ఎటు పోతుందో కనిపించేలా, నాకు పంపు. చిల్లర్ కొటేషన్ కూడా.

మీ బాబాయ్