టీహెచ్‌సీ, సీబీడీ ఫార్ములా ఒకటే అయితే మత్తు ఒకదానికే ఎందుకు?

మీరు ఫార్ములా దగ్గరే ఆగిపోయారు, చిక్కంతా అక్కడే. గంజాయి మొక్కలో దొరికే ఈ రెండు పదార్థాల్లోనూ 21 కార్బన్లు, 30 హైడ్రోజన్లు, 2 ఆక్సిజన్లే. తేడా అమరికలో ఉంది.

1. రెండు అణువుల బొమ్మలూ పక్కపక్కన గీయండి. టీహెచ్‌సీలో ఒక ఆక్సిజన్ వలయంలో కలిసిపోయింది, ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జత) ఒకటే మిగిలింది. సీబీడీలో ఆ వలయం మూసుకోలేదు, ఓహెచ్‌లు రెండు. అందుకే దాని ఆకారం మెలితిరిగి ఉంటుంది.

2. మెదడులోని సీబీ1 అనే గ్రాహకానికి (కణం మీద రసాయన సంకేతాన్ని పట్టుకునే ప్రోటీన్‌కు) టీహెచ్‌సీ అతుక్కుని దాన్ని పాక్షికంగా పనిచేయిస్తుంది. మత్తు ఇక్కడి నుంచే. సీబీడీకి అక్కడ పట్టు చాలా తక్కువ.

3. చాలామంది తప్పేది ఇక్కడే: నాడీకణాల బొమ్మలో సీబీ1ను సంకేతం అందుకునే కణం మీద గీసేస్తారు. అది ఎక్కువగా ఉండేది సంకేతం పంపే నాడీకణం చివర. మామూలుగా అందుకునే కణమే ఎండోకెనబినాయిడ్లను (సీబీ1కు అతుక్కునే, శరీరం సొంత రసాయనాలను) తయారుచేసి వెనక్కి పంపుతుంది, 'ఇక చాలు' అన్నట్టు. అప్పుడు పంపే కొసలోకి కాల్షియం రావడం తగ్గి, రసాయన సంకేతాల విడుదల కూడా తగ్గుతుంది. టీహెచ్‌సీ ఎవరూ అడగకుండానే, ఒకేసారి చాలాచోట్ల ఇదే పని చేస్తుంది. కాబట్టి బొమ్మలో ఎండోకెనబినాయిడ్ బాణం వెనక్కే ఉండాలి.

4. పచ్చి గంజాయి మొక్కలో ఎక్కువగా ఉండేది టీహెచ్‌సీఏ అనే ఆమ్లం. వేడికి కార్బన్ డయాక్సైడ్ పోయి అది టీహెచ్‌సీ అవుతుంది.