టెక్ సందేహాలు: ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో చౌక హోటల్, ఫోన్‌లో ఇండియా సిమ్

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే ఊరి చుట్టూ తిరిగాయి. పిల్లలు యూరప్‌లో చదువుతున్నారనో, ప్యారిస్ దాకా వెళ్తున్నాం ఇదీ చూసొద్దామనో ఆమ్‌స్టర్‌డ్యామ్‌కు టికెట్లు కొన్నవాళ్లు రాసినవే అన్నీ. హోటల్ రేట్లు చూసి గుండె జారిందని అందరూ రాశారు. స్లో అయిపోయిన ల్యాప్‌టాప్‌ల సంగతి వచ్చే వారం చూద్దాం.

ప్ర: అక్కడికి వెళ్లగానే ఇండియా సిమ్ తీసేసి అక్కడి సిమ్ వేసుకోవచ్చా? బ్యాంకు ఓటీపీలు రావేమోనని టెన్షన్‌గా ఉంది. – విజయవాడ నుంచి ఒక పాఠకురాలు

తీయకండి. మన యూపీఐ యాప్‌లు, చాలా బ్యాంకు యాప్‌లు ఫోన్‌లో రిజిస్టరైన సిమ్ ఉందా లేదా అని చూస్తాయి. సిమ్ తీశారంటే యాప్ మళ్లీ మొదటి నుంచి రిజిస్టర్ చేసుకోమనవచ్చు. అందుకు ఇండియా నంబరు నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. సిమ్మేమో హోటల్ గదిలో పర్సులో ఉంటుంది, మీరేమో బిల్లు కట్టే క్యూలో ఉంటారు.

మీ ఫోన్‌లో ఈ-సిమ్ (కార్డు పెట్టకుండా ఫోన్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకునే సిమ్) సౌకర్యం ఉంటే పని సులువు. ఇండియా సిమ్‌ను దాని చోటే ఉండనివ్వండి. యూరప్ డేటాకు ఈ-సిమ్ కొని, ఇక్కడ మంచి వైఫై ఉన్నప్పుడే ఇన్‌స్టాల్ చేసుకోండి. కొన్ని ప్లాన్లకు ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచే గడువు లెక్క మొదలవుతుంది, కొనేముందు ఆ ఒక్క లైను చదవండి. దిగాక సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాకు ఈ-సిమ్‌ను ఎంచుకుని, ఇండియా సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేయండి. సిమ్‌ను మాత్రం ఆన్‌లోనే ఉంచాలి. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, సిమ్‌నే ఆపేసి, ఓటీపీ రాలేదని కంపెనీని తిడతారు.

ఇంకో మెలిక ఉంది. ఇండియా నంబరుకు ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివేట్ కాకపోతే అక్కడ సిగ్నలే రాదు, సిగ్నల్ లేకపోతే ఓటీపీ లేదు. బయల్దేరే ముందే కంపెనీ యాప్‌లో అది చూసుకోండి, అవసరమైతే చిన్న ప్యాక్ వేయించుకోండి. వచ్చే ఎస్సెమ్మెస్‌లకు సాధారణంగా చార్జీ ఉండదు, వచ్చే కాల్ ఎత్తితే ఉంటుంది. అందుకే లోన్ కావాలా అని ఫోన్ చేసేవాళ్లతో ఆ వారం మాట్లాడకండి.

ప్ర: హోటల్ బుక్ చేసిన రెండో రోజు, బుకింగ్ యాప్ చాట్‌లోనే హోటల్ పేరుతో మెసేజ్ వచ్చింది. కార్డు వెరిఫై కాలేదు, 12 గంటల్లో ఈ లింకులో వివరాలు ఇవ్వకపోతే రూమ్ రద్దు అని. యాప్‌లోనే వచ్చింది కదా, నమ్మొచ్చా? – కరీంనగర్

నమ్మొద్దు. మోసగాళ్లు ముందు హోటల్ రిసెప్షన్ కంప్యూటర్‌లో దూరి, బుకింగ్ సైట్‌లో ఆ హోటల్‌కున్న లాగిన్ కాజేస్తారు. ఆ తర్వాత అసలైన చాట్‌లోంచే, మీ పేరు, తేదీలు, రేటు అన్నీ సరిగ్గా రాసి మెసేజ్ పంపుతారు. చిన్న హోటళ్లలో ఒకే కంప్యూటర్ మీద అందరూ కూర్చుంటారు కాబట్టి ఈ బెడద వాటికి ఎక్కువ. మెసేజ్ ఎక్కడ వచ్చిందో చూడటం కాదు, డబ్బు ఎక్కడ కట్టమంటున్నారో చూడండి. యాప్‌లో పేమెంట్ పేజీకి కాకుండా బయటి లింకుకు పంపితే అది దొంగ లింకే అనుకోండి. హోటల్ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకు కాదు.

ఓటీపీ ఇవ్వకపోతే డబ్బు పోదన్న ధైర్యం విదేశీ సైట్ల దగ్గర పనికిరాదు. అక్కడ కార్డు నంబరు, గడువు, వెనకున్న మూడంకెలు ఉంటే కొన్నిసార్లు ఓటీపీ లేకుండానే డబ్బు కట్ అవుతుంది. బుకింగ్ అయిపోగానే బ్యాంకు యాప్‌లో ఆ కార్డుకు ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ వాడకం ఆపేయండి. అవసరమైన రోజు మళ్లీ తెరుచుకోవచ్చు. లింకులో ఇప్పటికే వివరాలు ఇచ్చి ఉంటే ఆలోచిస్తూ కూర్చోవద్దు, వెంటనే కార్డు బ్లాక్ చేయించండి.

ప్ర: యాప్‌లో చూపిన రేటు ఒకటి, హోటల్‌లో అడిగింది ఇంకొకటి. పైగా మెషీన్‌లో రూపాయలా యూరోలా అని అడిగింది. రూపాయలు నొక్కాం. మోసపోయామా? – హైదరాబాద్

మొదటిది మోసం కాదు. ఆమ్‌స్టర్‌డ్యామ్ నగరం 2024 నుంచి గది అద్దె మీద 12.5 శాతం టూరిస్ట్ ట్యాక్స్ వసూలు చేస్తోంది. వ్యాట్ కలపక ముందు గది ధర 100 యూరోలైతే, నగరానికి పన్నెండున్నర. కొన్ని సైట్లు దీన్ని మొదటి పేజీలో కలపకుండా, కింద చిన్న అక్షరాల్లో ‘హోటల్‌లో చెల్లించాలి’ అని రాస్తాయి. దానికితోడు 2026 జనవరి నుంచి నెదర్లాండ్స్‌లో హోటల్ గదుల మీద వ్యాట్ 9 నుంచి 21 శాతానికి పెరిగింది. పాత వీడియోల్లో చెప్పిన బడ్జెట్‌లను పట్టుకుని వెళ్తే లెక్క తప్పుతుంది.

రెండోది మాత్రం నష్టమే. మెషీన్ ‘రూపాయలు’ అని చూపిస్తే మన డబ్బే కదా అని వేలు అటే పోతుంది. అక్కడ మారకం రేటు మీ బ్యాంకు వేసేది కాదు, ఆ మెషీన్ వెనకున్న కంపెనీ తన లాభం కలిపి వేసేది. ఎప్పుడూ యూరోలే నొక్కండి. ఏటీఎంలో కూడా ‘కన్వర్షన్ వద్దు’ అన్నదే ఎంచుకోండి. రిసెప్షన్ వాళ్లు అడక్కుండానే రూపాయలు నొక్కేస్తే, రద్దు చేసి మళ్లీ వేయమని చెప్పండి. మొహమాటపడితే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది.

డిపాజిట్ కింద హోటల్ కొంత మొత్తాన్ని కార్డులో ఆపి ఉంచితే అది వెనక్కి రావడానికి రోజులు పట్టవచ్చు. దానికి క్రెడిట్ కార్డు ఇవ్వండి. ఉన్న డబ్బంతా ఒకే ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు) వేసుకుని అదే ఇస్తే భోజనానికి ఇబ్బంది పడతారు.

ప్ర: అమ్మానాన్నలతో వెళ్తున్నాం. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. కెనాల్ పక్కన పాత ఇంట్లో చౌకగా గది దొరికింది. ఫొటోలు బాగున్నాయి. తీసుకోమంటారా? – రాజమహేంద్రవరం

ఫొటోల్లో మెట్లు ఉండవు. ఆ కెనాల్ ఇళ్లు చాలావరకు పదిహేడో శతాబ్దపు పద్ధతిలో కట్టినవి. ముందువైపు ఇరుకు, లోపలికి పొడవు. మెట్లు దాదాపు నిచ్చెనల్లా నిటారుగా ఉంటాయి. సామాన్లు మెట్ల మీద తీసుకెళ్లలేక, పైకప్పు దగ్గర దూలానికి కొక్కెం పెట్టి, తాడుతో కిటికీల్లోంచి ఎక్కించేవాళ్లు. ఆ కొక్కేలు ఇప్పటికీ కనిపిస్తాయి. బీరువా ఎక్కని మెట్ల మీద మీ నాన్నగారు పెద్ద సూట్‌కేసుతో ఎలా ఎక్కుతారో ఆలోచించండి.

బుకింగ్ సైట్ ఫిల్టర్లలో ‘ఎలివేటర్’ టిక్ చేయడం మొదటి పని, కానీ అది చాలదు. లిఫ్ట్ మూడో అంతస్తు వరకే ఉండి, మీ గది నాలుగో దాంట్లో ఉండొచ్చు. రివ్యూల పక్కనున్న సెర్చ్ పెట్టెలో ఇంగ్లిష్‌లో ‘స్టెయిర్స్’, ‘స్టీప్’ అని టైప్ చేసి, వచ్చిన రివ్యూలు మాత్రమే చదవండి. తర్వాత గూగుల్ స్ట్రీట్ వ్యూలో గుమ్మం చూడండి. వీధి నుంచి తలుపు దాకా ఎన్ని మెట్లున్నాయో కనిపిస్తుంది. నా మటుకు పెద్దవాళ్లతో వెళ్తే కెనాల్ పక్క గది వద్దనే చెబుతాను. మెట్రో స్టేషన్ దగ్గర, లిఫ్ట్ ఉన్న కొత్త బిల్డింగ్‌లో అదే డబ్బుకు పెద్ద గది దొరుకుతుంది. కెనాళ్లను పగలు తీరిగ్గా చూడొచ్చు.

అడ్రస్ వెతికేటప్పుడు వీధి పేరు టైప్ చేయకండి, మన నాలుక తిరగదు, స్పెల్లింగ్ అసలే కుదరదు. ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ వేరు, ప్రిన్సెన్‌స్ట్రాట్ వేరు. సింగెల్ వేరు, సింగెల్‌గ్రాఖ్ట్ వేరు. డచ్ పోస్ట్‌కోడ్‌లో నాలుగంకెలు, రెండు అక్షరాలు ఉంటాయి. దానికి ఇంటి నంబరు చేర్చి మ్యాప్స్‌లో వేస్తే నేరుగా గుమ్మం ముందుకు తీసుకెళ్తుంది.

ప్ర: సైట్‌లో ‘సెంటర్‌కు ఒక కిలోమీటరు’ అని ఉంది. మ్యాప్‌లో చూస్తే మధ్యలో పెద్ద నది ఉంది! – తిరుపతి

నూర్డ్ అనే ఉత్తర భాగంలో బుక్ చేసి ఉంటారు. సైట్ కొలిచింది దారి వెంట కాదు, గాల్లో తిన్నగా. మధ్యలో ఉన్నది ఐ అనే నీటిపాయ. సెంట్రల్ స్టేషన్ దగ్గర నడిచి దాటే వంతెన లేదు. కంగారు పడకండి, స్టేషన్ వెనక నుంచి ఫెర్రీలున్నాయి, పూర్తిగా ఉచితం, సైకిల్‌తో కూడా ఎక్కొచ్చు. బౌక్స్‌లోటర్‌వేఖ్ వైపు వెళ్లేది కొన్ని నిమిషాల్లో దాటిస్తుంది, రాత్రంతా నడుస్తుంది. 2018లో మొదలైన 52 నంబరు మెట్రో కూడా నీటి కింద నుంచి అటు వెళ్తుంది. హోటల్ ఏ ఫెర్రీకి దగ్గరో, లేదా మెట్రోకు ఎంత దూరమో మ్యాప్స్‌లో ‘ట్రాన్సిట్’ పెట్టి, మీరు నిజంగా తిరిగొచ్చే రాత్రి సమయం వేసి చూసుకోండి. బడ్జెట్ చూసుకునేవాళ్లకు నూర్డ్ మంచి ఎంపికే.

ప్ర: ట్రామ్ టికెట్‌కు ఏ యాప్ వేసుకోవాలి? యూపీఐ పనిచేస్తుందా? – వరంగల్

ఏ యాపూ అక్కర్లేదు. కాంటాక్ట్‌లెస్ వీసా లేదా మాస్టర్‌కార్డ్‌ను ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మెషీన్‌కు తాకిస్తే చాలు. ఓవీపే అంటారు, దేశమంతా రైళ్లు, మెట్రోలు, ట్రామ్‌లు, బస్సుల్లో నడుస్తుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి సెంట్రల్ స్టేషన్‌కు రైలు కూడా ఇలాగే ఎక్కొచ్చు, పావుగంట ప్రయాణం. ఒక మనిషికి ఒక కార్డు, ఇద్దరికీ కలిపి ఒక్కటే తాకిస్తే కుదరదు. ఎక్కేటప్పుడు ఏ కార్డో దిగేటప్పుడూ అదే. ట్రామ్ దిగే హడావిడిలో తాకించడం మరిచిపోతే ఎక్కువ డబ్బు కట్ అవుతుంది.

మన కార్డులతో చిక్కు ఏమిటంటే, రిజర్వ్ బ్యాంక్ 2020 అక్టోబరు నుంచి పెట్టిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ మూసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో రెండూ విడివిడిగా తెరవాలి. ఒకటి తెరిచి రెండోది మరిచిపోయినవాళ్లే స్టేషన్ గేటు దగ్గర ఆగిపోతారు. పిన్ నంబరు కూడా గుర్తుంచుకోండి, 50 యూరోలు దాటితే అడుగుతుంది. యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు. ప్యారిస్‌లో ఈఫిల్ టవర్ టికెట్లకు 2024లో మొదలుపెట్టారు కానీ, ఆమ్‌స్టర్‌డ్యామ్ కిరాణా కొట్టులో క్యూఆర్ స్కాన్ చేద్దామంటే నడవదు.

ప్ర: ఆన్‌లైన్ చెక్-ఇన్ అంటూ పాస్‌పోర్ట్ ఫొటో అప్‌లోడ్ చేయమంటున్నారు. – గుంటూరు

రిసెప్షన్‌లో చూపిస్తామని చెప్పండి. నెదర్లాండ్స్‌లో హోటళ్లు గుర్తింపు కార్డు చూసి వివరాలు రాసుకోవచ్చు కానీ కాపీ తీసుకోకూడదని ఆ దేశపు డేటా రక్షణ సంస్థే చెబుతోంది. రిసెప్షనే లేని సెల్ఫ్ చెక్-ఇన్ హోటలై, వేరే దారి లేకపోతే, డచ్ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే కోపీ-ఐడీ యాప్‌తో ఫొటో తీయండి. అక్కర్లేని అంకెలు కొట్టేసి, ఫొటో మీద అడ్డంగా హోటల్ పేరు, తేదీ వేసుకోవచ్చు. మనకు ఆధార్ జిరాక్స్ అడిగిన చోటల్లా ఇచ్చే అలవాటు కదా, అక్కడ కాస్త బెట్టు చేయొచ్చు.

ప్ర: హోటల్ వైఫైకి కనెక్ట్ అయింది కానీ లాగిన్ పేజీ రావట్లేదు. – జర్మనీలో చదువుతున్న విద్యార్థి

వీపీఎన్ (మన నెట్‌ను వేరే సర్వర్ మీదుగా పంపే యాప్) ఆన్‌లో ఉంటే ఆపండి. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ను ‘ఆటోమేటిక్’కు మార్చండి. ఎక్కువసార్లు అడ్డుపడేది ఈ రెండే. ఐనా రాకపోతే ఆ నెట్‌వర్క్‌ను ‘ఫర్‌గెట్’ చేసి మళ్లీ కలపండి. అసలు మీకు హోటల్ వైఫై ఎందుకు? జర్మనీ సిమ్‌కు ఈయూ (యూరోపియన్ యూనియన్) దేశాల్లో రోమింగ్ చార్జీ ప్రత్యేకంగా ఉండదు, 2017 నుంచి అదే నిబంధన. ప్లాన్‌లో రోమింగ్ డేటా పరిమితి ఎంతో మాత్రం చూసుకోండి. స్విట్జర్లాండ్ వెళ్తే ఈ లెక్క వర్తించదు.

ప్ర: మన ఛార్జర్, చిన్న రైస్ కుక్కర్ అక్కడ పనిచేస్తాయా? కన్వర్టర్ కొనాలా? – నెల్లూరు నుంచి ఒక అమ్మ

కన్వర్టర్ వద్దమ్మా. అక్కడా 230 వోల్టులే, 50 హెర్ట్జే. కావాల్సింది ప్లగ్ ఆకారం మార్చే అడాప్టర్. ఫోన్ ఛార్జర్‌కు రెండు గుండ్రటి పిన్నులుంటే అవి అక్కడి సాకెట్‌లోకి సరిపోతాయి. కానీ ఆ సాకెట్ గోడలోకి గుంటలా ఉంటుంది. ఛార్జర్ ఒళ్లు లావుగా ఉంటే పిన్నులు లోపలికి అందవు. యూరప్ అడాప్టర్ ఒకటి, దానికి ఇండియా ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి తీసుకెళ్తే ఇంటిల్లిపాది ఫోన్లూ ఛార్జ్ అవుతాయి. కొన్ని హోటళ్లలో తలుపు కార్డు తీసి బయటికెళ్తే గదిలో కరెంటు పోతుంది, పవర్ బ్యాంక్ ఛార్జింగ్‌లో పెట్టి వెళ్తే అలాగే ఆగిపోయి ఉంటుంది.

కుక్కర్ విద్యుత్ లెక్క ప్రకారం పనిచేస్తుంది. 700 వాట్లంటే మూడు ఆంపియర్లే, సాకెట్‌కు అదేం భారం కాదు. మూడు పిన్నుల ప్లగ్‌కు మాత్రం అడాప్టర్ తప్పదు. అసలు సమస్య ఆవిరి. చిన్న గది, పైన పొగను పట్టే అలారం, ఆవిరికి కూడా అది మోగొచ్చు. గదుల్లో వంట వద్దని రాసి పెట్టే హోటళ్లే ఎక్కువ. బుకింగ్ ఫిల్టర్లలో ‘షేర్డ్ కిచెన్’ అని వెతికితే వంటగది ఉన్న హాస్టళ్లు, చిన్న హోటళ్లు కనిపిస్తాయి, కుక్కర్ ఇంట్లోనే ఉంచేయొచ్చు. కందిపొడి, ఆవకాయ చెక్-ఇన్ లగేజీలో పెట్టండి. నెయ్యి మాత్రం వద్దు. ఈయూలోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం వెంట తేకూడదు. అక్కడ సూపర్‌మార్కెట్‌లో వెన్న కొనుక్కోండి, కందిపొడి అన్నంలోకి అదీ బాగానే కలుస్తుంది.