ట్రెడ్‌మిల్ మీద బట్టలు ఆరేస్తున్నాం... ఇప్పుడు మసాజ్ కుర్చీ కొనాలా?

ప్రశ్న: పద్నాలుగు నెలల కిందట ట్రెడ్‌మిల్ కొన్నాం. 24 నెలల వాయిదాలు, వడ్డీ 10 శాతమే అన్నారు. రెండు నెలలు బాగానే నడిచాం. ఇప్పుడు దాని మీద బట్టలు ఆరేస్తున్నాం. అమ్ముదామంటే కొన్న ధరలో 35 శాతానికి అడుగుతున్నారు. ఇంకా 10 వాయిదాలున్నాయి, అంత నష్టానికి ఇవ్వబుద్ధి కావడం లేదు. మావారికి నడుం నొప్పి. దీన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి, నో కాస్ట్ ఈఎంఐ మీద మసాజ్ కుర్చీ తీసుకుందామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మూడు వారాలు చూసి ట్రెడ్‌మిల్ అమ్మేయండి. కుర్చీ ఇప్పుడు వద్దు.

మీరు అమ్మినా, అమ్మకపోయినా ఆ 10 వాయిదాలు కట్టాల్సిందే. అమ్మాలా వద్దా అనే లెక్కలో వాటిని కలపకండి. చూడాల్సింది ఒక్కటే: ఇవాళ చేతికొచ్చే 35 శాతం, ఇకమీదట మీరు దాని మీద నడవబోయే రోజులు, ఈ రెండింట్లో మీకు ఏది విలువైనది? ఇప్పటిదాకా ఎంత నడిచారో మిషనే చెబుతుంది. చాలా మోడళ్ల సెట్టింగ్స్‌లో మొత్తం కిలోమీటర్లు, గంటలు కనిపిస్తాయి. నెల నెలా ధర ఇంకా దిగుతుంది తప్ప పెరగదు.

మూడు వారాలు ఎందుకంటే, కొందరు బద్ధకం వల్ల కాదు, బెల్టు ఎండిపోవడం వల్ల మానేస్తారు. అడుగేసినప్పుడల్లా బెల్టు ఒక్క క్షణం ఆగినట్టవుతుంది, కాలిన వాసన వస్తుంది, మోటారు మూలుగుతుంది. నడవడం చిరాకుగా ఉంటుంది, ఎందుకో తెలియదు. ప్లగ్ తీసేసి, బెల్టు అంచు పైకెత్తి లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి. పొడిగా తగిలితే మాన్యువల్‌లో చెప్పినంత సిలికాన్ ఆయిల్‌ను బెల్టుకీ కింది పలకకీ మధ్య వేయాలి. ఇంట్లో ఉన్న ఏదో ఒక ఆయిల్ వేస్తే బెల్టు పాడవుతుంది. బెల్టు మధ్యలో అంచు సుమారు 5 నుంచి 7 సెంటీమీటర్లు లేవాలి. అసలు లేవకపోతే మరీ బిగుతుగా ఉందన్నమాట, అప్పుడు మోటారు మీద భారం పడుతుంది. మోటారు మూత కింద దుమ్ము కూడా తుడవండి. అమ్మాలన్నా ఈ సర్వీసు ఎటూ చేయాల్సిందే. ఆ తర్వాత మూడు వారాల్లో 9 సార్లయినా ఎక్కితే ఉంచేసుకోండి. లేదంటే సేఫ్టీ కీ, బిల్లు, మీటర్ రీడింగ్ ఫొటో, మనిషి నడుస్తుండగా తీసిన వీడియో సిద్ధం చేసి బేరానికి పెట్టండి. మోసుకెళ్లే ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి, చివర్లో బేరం చెడేది అక్కడే.

ఇక అప్పు సంగతి. 10 శాతం అన్నది ఫ్లాట్ వడ్డీ. ధర 100 అనుకుంటే రెండేళ్లకు 20 వడ్డీ కలిపి, 120ని 24తో భాగించి నెలకు 5 పెట్టారు. మీరు నెల నెలా అసలు తీరుస్తున్నా, వడ్డీ మాత్రం మొత్తం 100 మీదే వేశారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే అది ఏడాదికి సుమారు 18 శాతం. 14 వాయిదాలయ్యాక ఆ లెక్కన మిగిలిన అసలు 46 దాకా ఉంటుంది. కట్టాల్సిన వాయిదాలు 50. అంటే ఇప్పుడు మొత్తం తీర్చేసినా ఆదా అయ్యేది 4 లోపే. ముందస్తు చెల్లింపు ఛార్జీ బాకీలో 4 శాతం ఉందనుకుంటే అందులో దాదాపు సగం దానికే పోతుంది. పైగా అమ్మితే వచ్చేది 35 కాబట్టి మరో 11 జేబులోంచి వేయాలి. మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా లేకపోతే ఆ 35ను అందుకోసం పక్కన పెట్టుకుని, వాయిదాలు మామూలుగా కట్టేయడమే నయం. ఉంటే మాత్రం రుణదాత దగ్గర ఫోర్‌క్లోజర్ మొత్తం, అంటే ఇవాళే అప్పు తీర్చేయాలంటే కట్టాల్సింది, రాతపూర్వకంగా అడగండి. ఫ్లాట్ వడ్డీ అప్పుల్లో ఒక్కొక్కరు ఒక్కోలా లెక్క కడతారు.

ఎక్స్ఛేంజ్‌లో మీ ట్రెడ్‌మిల్‌ను అదే లెక్కలో 45కి తీసుకుంటామన్నారనుకోండి. సంతోషించే ముందు, ‘పాతది ఇవ్వకుండా, నగదు కడితే కుర్చీ ఎంతకిస్తారు?’ అని అడగండి. ఆ ధరకీ, పాతది ఇస్తే మీరు కట్టాల్సినదానికీ తేడా 35 కంటే తక్కువ తేలితే పెంచి ఇచ్చిందేమీ లేదు. వడ్డీ లేదని చెప్పే నో కాస్ట్ ఈఎంఐ కూడా ఇలాంటిదే. నగదుకు 94కి ఇచ్చే వస్తువును 12 వాయిదాల్లో 100కి అమ్మితే, మీరు కట్టేది ఏడాదికి సుమారు 11.5 శాతం వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం.

కుర్చీ విషయానికొస్తే, నడుం నొప్పికి కారణమేంటో ముందు డాక్టరు చెప్పాలి. డిస్క్ సమస్య, ఎముకల బలహీనత, పేస్‌మేకర్ లాంటివి ఉంటే అడగకుండా అందులో కూర్చోకూడదు. డాక్టరు సరేనంటే ఎనిమిది వారాల పాటు కుర్చీ ఈఎంఐ అంత మొత్తం పక్కన పెట్టి, అందులోంచే బయట మసాజ్‌కి వెళ్లమనండి. కుర్చీ ధరను ఒక్క మసాజ్ ఖర్చుతో భాగిస్తే 150 వచ్చిందనుకుందాం. ఎనిమిది వారాల్లో ఆయన రెండుసార్లే వెళ్తే ఏడాదికి 13. ఆ లెక్కన కుర్చీ ఖర్చు రాబట్టడానికి పదకొండేళ్ల పైనే పడుతుంది. ఇంట్లో ఉంటే రోజూ వాడతాం కదా అంటారేమో, ట్రెడ్‌మిల్ కూడా ఇంట్లోనే ఉంది. వారానికి రెండుసార్లు వెళ్తుంటే మాత్రం కొనడం గురించి ఆలోచించవచ్చు. అదీ ఈ 10 వాయిదాలు తీరాకే.

అప్పుడు కూడా షోరూమ్‌లో అయిదు నిమిషాలు కాదు, పూర్తి ప్రోగ్రామ్ ఆయనే కూర్చుని చూడాలి. రోలర్లు ఆయన భుజాల ఎత్తుకు అందకపోతే ఎన్ని ఫీచర్లున్నా దండగే. గాలి సంచుల గొట్టాలు లీకవడం, రెగ్జిన్ పెచ్చులూడటం సాధారణంగా వచ్చే ఇబ్బందులు. ఫ్రేముకు, విడి భాగాలకు, మెకానిక్ కూలికి వారంటీ ఎన్నేళ్లో విడివిడిగా రాయించుకోండి. చాలా కుర్చీలు 80 నుంచి 120 కిలోలుంటాయి, రిపేరుకు తీసుకెళ్లలేరు, మనిషే ఇంటికి రావాలి. వెనక్కి వాలడానికి గోడ దగ్గర ఎంత ఖాళీ కావాలో అడిగి, కొనే ముందే ఇంటి గుమ్మం వెడల్పు కూడా కొలుచుకోండి.