ఎంజీబీ సిల్స్‌కు పై రేకు చాలదు

ప్రశ్న: 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ కారు కొన్నాను. తలుపుల కింది సిల్స్ తుప్పు పట్టాయి. పైన కొత్త రేకు వేస్తే చాలంటున్నారు బాడీషాపు వాళ్లు. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకుడు, బర్మింగ్‌హామ్

జవాబు: ఒప్పుకోవద్దండి. ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు, గట్టి పైకప్పూ లేదు. బరువు ఎక్కువగా మోసేది సిల్సే. బయటి రేకు వెనక నిలువు పలక, లోపలి సిల్, అడుగున కాజిల్ రెయిల్ అనే ఇనుప పట్టీ ఉంటాయి. తుప్పు మొదలయ్యేది అక్కడే. పై రేకు దాన్ని దాచిపెడుతుందంతే.

కోసే ముందు తలుపు ఖాళీలో ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి ఇనుప బాక్స్ పైపు అడ్డంగా వెల్డింగ్ చేయించండి. ఇది మానేస్తే బాడీ మధ్యలో కుంగి, తలుపు మళ్లీ మూసుకోదు. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు. ముందు వింగ్‌ను (ముందు చక్రం మీది రేకును) బోల్టులు విప్పి తీయాల్సిందే. సిల్ చివర దాని కిందే ఉంది. రేకులు క్లాంపులతో బిగించి, తలుపు తగిలించి దాని చుట్టూ సందులు సరిగ్గా ఉన్నాయో చూశాకే పూర్తి వెల్డింగ్. బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు ఏ వెల్డింగూ మొదలుపెట్టకముందే తీసేయాలి.

పెయింట్ ఆరాక లోపల మైనం స్ప్రే చేయించండి, నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూసుకోకూడదు.