నొప్పుల భయానికి ముహూర్తం మందు కాదు

ప్రశ్న: నా వయసు 24. తొలి కాన్పు. 35వ వారం నడుస్తోంది, జనగామ దగ్గర పుట్టింట్లో ఉన్నాను. మా అక్క 20 గంటలు నొప్పులు పడి, చివరికి ఆపరేషన్ చేయించుకుంది. అది తలచుకుంటే నిద్ర పట్టడం లేదు. మంచి ముహూర్తం చూసి ముందే ఆపరేషన్ చేయిద్దామని అత్తమ్మ అంటోంది. మా ఆయన ఆమె మాట కాదనరు. నొప్పులు పడకుండా అదే నయమేమో అనిపిస్తోంది. ఏం చేయను?

జవాబు: 20 గంటలంటే 20 గంటలూ ఆగని నొప్పి కాదమ్మా. నొప్పి అలలా వచ్చి ఎక్కువలో ఎక్కువ నిమిషం, నిమిషంన్నర ఉండి పోతుంది. ఉధృతంగా ఉన్నప్పుడు కూడా మధ్యలో కాస్త తెరిపి దొరుకుతుంది. గర్భసంచి ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునేదాకా తొలిచూలుకు ఎంతసేపైనా పట్టొచ్చు, ఒక్కోసారి రోజు దాటుతుంది. అప్పుడు ఇంట్లో తిరగొచ్చు, పెరుగన్నం తినొచ్చు, జావ తాగొచ్చు, కునుకు తీయొచ్చు. 5 నుంచి 10 సెంటీమీటర్లకు సాధారణంగా 12 గంటలు మించదు. ఆ తర్వాత ముక్కడం, తొలి కాన్పులో చాలావరకు 3 గంటల్లోపే. మీ అక్కకు ఆపరేషన్ ఎందుకు చేశారో ఆమె కాగితాల్లో రాసి ఉంటుంది, చదివించుకోండి. అదే కారణం మీకూ రావాలని లేదు.

చాలామంది తొలి నొప్పికే ఆసుపత్రికి పరుగెత్తి, ఏమీ తినకుండా వెల్లకిలా పడుకుంటారు. అసలు పని మొదలయ్యేసరికి ఒంట్లో సత్తువ ఉండదు. భయం తోడైతే ఒళ్లు బిగుసుకుంటుంది, భయంతో ఊరే అడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగి, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ హార్మోన్‌కు అడ్డు పడుతుంది. కాన్పు ఆలస్యమవుతుంది, నొప్పి రెట్టింపుగా తెలుస్తుంది.

ఇవాళ్టి నుంచి రోజూ పది నిమిషాలు అమ్మను పక్కన పెట్టుకుని సాధన చేయండి. ముక్కుతో 4 లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, నోటితో 6 లెక్కపెట్టేదాకా వదలాలి. దవడ, భుజాలు వదులుగా ఉండాలి. పిడికిలి బిగిస్తే అమ్మ గుర్తుచేయాలి. మీరు కుర్చీ వీపు పట్టుకుని ముందుకు వంగితే, ఆమె నడుము కింది ఎముక మీద అరచేతి కింది భాగంతో గట్టిగా నొక్కాలి. నొప్పి నడుములోకి వచ్చినప్పుడు ఇది మందులా పనిచేస్తుంది. ప్రభుత్వాసుపత్రుల నొప్పుల గదిలో ఆడతోడు ఉండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. వచ్చే చెకప్‌లో నర్సమ్మతో ఈ మాట ముందే మాట్లాడుకోండి. ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మత్తుమందు) ఇచ్చే వీలుందా అనీ అడగండి.

నడిస్తే తగ్గేవి దొంగనొప్పులు. నడిచినా ఆగక, 5 నిమిషాలకొకటి, ఒక్కోటి 45 సెకన్లకు పైగా, గంటసేపు వస్తే బయల్దేరండి. ఆసుపత్రి దూరమైతే అంతసేపు ఆగొద్దు. ఉమ్మనీరు పోయినా, అందులోనూ ఆకుపచ్చగా ఉంటే, ధారగా రక్తం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, 37 వారాల లోపే నొప్పులు వచ్చినా క్షణం ఆలస్యం వద్దు, 108కి ఫోన్ చేయండి.

ఇక ముహూర్తం. మాయ అడ్డుగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా, బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నా ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. అవసరమైతే సంకోచం లేకుండా ఒప్పుకోండి. కానీ పంచాంగం కారణం కాకూడదు. 39 వారాలు నిండకుండా తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది రావచ్చు. కోత మచ్చ మీద మళ్లీ కాన్పులో మాయ అతుక్కునే ముప్పు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఇన్ని కోతలూ తప్పనిసరివే అంటే నేను నమ్మను.

అత్తమ్మతో వాదానికి దిగకండి. ఆమెనూ మీ ఆయననూ చెకప్‌కు తీసుకెళ్లి, వాళ్ల ముందే డాక్టరమ్మను అడగండి: "నాకు ఆపరేషన్ తప్పనిసరి చేసే కారణం ఏదైనా ఉందా?" మీరు చెబితే భయమనుకుంటారు, డాక్టర్ చెబితే వింటారు. 21వ రోజు తొట్టెల ముహూర్తం మాత్రం అత్తమ్మ చేతిలోనే పెట్టండి, సంతోషిస్తుంది.

సాధన చేస్తున్నా రెండు వారాల్లో నిద్ర కుదుటపడకపోతే, తిండి సయించకపోతే, ఏడుపు ఆగకపోతే డాక్టరమ్మకు చెప్పండి. మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు రాత్రయినా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.